సముద్రం పక్కనే ఉన్నా విశాఖలో చలికాలం గాలి ఎందుకు పాడవుతుంది?

మీరు అడిగింది ఇదీ: అబ్బాయికి విశాఖలో ఉద్యోగం వచ్చింది, ఆఫీసు మధురవాడ వైపు. మనవరాలికి ఆస్తమా ఉంది. సముద్రం గాలికి పిల్ల కోలుకుంటుందని అందరూ అంటే సంతోషపడ్డారు. జూన్‌లో మీరు వెళ్ళి చూసినప్పుడు నిజంగానే బాగుంది. డిసెంబర్‌లో మాత్రం దగ్గు, పిల్లికూతలు మొదలయ్యాయి. ఫోన్‌లో ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే అంకె చూస్తే, నల్లగొండ కంటే విశాఖదే ఎక్కువ. సముద్రం పక్కనున్న ఊరి గాలి మన మిర్యాలగూడ, నల్లగొండ గాలి కంటే ఎట్లా పాడవుతుంది, ఇల్లు ఎటువైపు చూసుకోవాలి, సంక్రాంతికి పిల్లను ఇక్కడికి తెచ్చుకుంటే మేలా అని మీ ప్రశ్న.

మాదీ నల్లగొండ జిల్లానే. ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళు విశాఖలో గాలి శాంపిళ్ళు తీసే పనిలో ఉన్నాను. కాబట్టి రెండు ఊళ్ళ గాలీ తెలుసు. కొంచెం పొడవుగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు మాట చెప్తాను. సముద్రం వల్ల ఊరికి వచ్చే లాభమంతా గాలి కదలికలోనే ఉంది. ఆ కదలికకు ఒక టైము ఉంది, ఒక సీజను ఉంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రి పూట, తెల్లవారుజామున అది దాదాపు ఆగిపోతుంది. విశాఖకు చుట్టూ కొండలు కూడా ఉన్నాయి కాబట్టి అప్పుడు ఊళ్ళో పుట్టిన పొగ ఊళ్ళోనే ఉండిపోతుంది. మీరు జూన్‌లో చూసిన ఊరు, డిసెంబర్‌లో చూసిన ఊరు గాలి విషయంలో రెండు వేరు వేరు ఊళ్ళే.

పగలు ఏం జరుగుతుందో చూద్దాం. ఎండెక్కేకొద్దీ నేల త్వరగా కాగుతుంది, సముద్రం నీళ్ళు అంత త్వరగా వేడెక్కవు. నేల మీది వేడి గాలి పైకి లేస్తుంటే ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. విశాఖలో మామూలుగా పది, పదకొండు గంటలకు ఇది మొదలై మధ్యాహ్నానికి ఊపందుకుంటుంది. రాత్రి నేలే ముందు చల్లారుతుంది కాబట్టి గాలి తిరగబడి ఊరి మీదుగా సముద్రం వైపు పోతుంది. ఇంతవరకు బడి పుస్తకంలో చదువుకున్నదే. పుస్తకంలో లేని సంగతి ఏమిటంటే ఈ రెండు గాలుల బలం ఒకటి కాదు. పగటి గాలికి ఎండ తోడు ఉంటుంది. రాత్రి గాలి నీరసంగా, నేలను పట్టుకుని పాకుతున్నట్టు పోతుంది. అది ఊరి పొగను సముద్రం మీదికి మోసుకుపోయినా ఎంతో దూరం తీసుకుపోదు. అందులో కొంత పొద్దున సముద్రపు గాలితో పాటు మళ్ళీ ఊళ్ళోకే వస్తుంది. బీచ్‌లో మొహానికి చల్లగా తగిలిన గాలి అంతా నడిసముద్రం నుంచి వచ్చిన కొత్త గాలి అనుకోకండి. కొన్ని పొద్దుటి పూటలు అది నిన్న రాత్రి ఊళ్ళోని కంచరపాలెం మీదుగా పోయిన గాలే.

ఇంకో చిక్కు కూడా ఉంది. సముద్రం గాలి చల్లగా, బరువుగా ఉంటుంది కాబట్టి నేలకు దగ్గరగానే లోపలికి వస్తుంది. దాని పైన వేడి గాలి ఉంటుంది. చల్లటిది కింద, వేడిది పైన ఉన్నప్పుడు రెండూ కలవవు. ఏప్రిల్ మధ్యాహ్నం నల్లగొండలో నేల మీది గాలి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా సుడులు తిరిగి కలిసిపోతుంది. అదే సమయంలో విశాఖ తీరాన ఆ ఎత్తు ఒక కిలోమీటరు కూడా ఉండకపోవచ్చు. పొడవాటి చిమ్నీలు ఆ చల్లటి పొరకు పైన పొగ వదులుతాయి. తీరం నుంచి లోపలికి వచ్చేకొద్దీ కింది పొర వేడెక్కి మందమవుతుంది, పైనున్న పొగను అందుకుని ఒక్కసారిగా కిందికి దించుతుంది. ఫ్యాక్టరీ గోడ పక్కన ఉన్నవాళ్ళకు రాని ఘాటు కొన్ని కిలోమీటర్ల అవతలి కాలనీలో వస్తుందే, దానికి చాలాసార్లు కారణం ఇదే. "మా ఇంటి దగ్గర ఒక్క ఫ్యాక్టరీ లేదు సార్, వాసన ఎక్కడిది?" అని అడిగినవాళ్ళకు నేను చెప్పిన జవాబూ ఇదే. నమ్మినవాళ్ళు తక్కువ.

ఇప్పుడు కొండల సంగతి. విశాఖ మ్యాప్ ఒకసారి తెరిచి పెట్టుకోండి. ఉత్తరాన కైలాసగిరి కొండల వరుస. దక్షిణాన యారాడ కొండ, దాని కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్. పడమటి వైపు సింహాచలం కొండలు. నడుమ పల్లపు నేల. గాలి మీద పనిచేసేవాళ్ళంతా దీన్ని బౌల్ ఏరియా అనే అంటారు, నిజంగా గిన్నె ఆకారమే. ఆ గిన్నెలోనే పోర్టు ఉంది, రిఫైనరీ ఉంది, ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, రైల్వే యార్డులున్నాయి, పాత టౌను ఉంది. ఇంకా దక్షిణంగా పోతే గాజువాక, స్టీల్‌ప్లాంటు. 1933లో పోర్టు ఇక్కడ మొదలవడానికి ఆ కొండలే పెద్ద కారణం, అలల నుంచి, తుపాను గాలుల నుంచి ఓడలకు చాటు దొరుకుతుంది. ఓడలకు దొరికిన ఆ చాటే పొగకు కూడా దొరికింది. పాత టౌను వాళ్ళు కిటికీ చువ్వల మీద నల్లటి పొడి గురించి ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దించి ఎక్కించే ఊళ్ళో ఆ గోడు ఉత్తదేమీ కాదు.

ఈ పల్లం ఎంత ప్రమాదమో 2020 మే 7న దేశమంతా చూసింది. గోపాలపట్నం దగ్గరి వెంకటాపురంలో తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే, ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం ఆవిరి లీకైంది. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. దానికి తోడు గాలి కదలని వేళ అది. అదే లీకు మధ్యాహ్నం రెండు గంటలకు, సముద్రం గాలి జోరు మీదున్నప్పుడు జరిగి ఉంటే ఆవిరి చాలావరకు చెదిరిపోయేది, జనం కూడా మేలుకుని ఉండేవారు. మీ మనవరాలి దగ్గుకు దీనితో సంబంధం లేదు. గాలి ఎంత చెడ్డదో తేల్చడంలో ఏం వదిలారన్నది సగమైతే, ఏ వేళ వదిలారన్నది మిగతా సగం అని చెప్పడానికి ఇంతకంటే కళ్ళకు కట్టే ఉదాహరణ నాకు తెలియదు.

చలికాలం రాత్రులు ఏం జరుగుతుందో మీ కళ్ళతోనే చూడొచ్చు. జనవరిలో మబ్బులనే, అంటే తెల్లవారకముందే లేచి మన ఊళ్ళలో ఎవరింట్లోనైనా కట్టెల పొయ్యి అంటించిన వేళ చూడండి. పొగ నిటారుగా ఇంటి కప్పు దాటి, చింతచెట్టు ఎత్తు దాకా లేస్తుంది. అక్కడ ఏదో అడ్డం తగిలినట్టు ఆగి, అడ్డంగా సాగుతుంది. పొలాల మీద ఆ నీలం పొర ఒకే ఎత్తులో గీత గీసినట్టు నిలబడుతుంది. ఆకాశం తేటగా ఉన్న పొడి రాత్రి నేలలోని వేడంతా పైకి పోతుంది, నేల చల్లారుతుంది, నేలను అంటుకున్న గాలి కూడా చల్లారుతుంది. దాని పైన ఉన్న గాలి ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. అడ్డం తగిలింది ఆ వెచ్చటి గాలే. అటువంటి రాత్రి గాలి కలగలిసే ఎత్తు వంద, రెండు వందల మీటర్లకు పడిపోతుంది. మధ్యాహ్నం కిలోమీటరు మందంలో కలిసిన పొగ అంతా ఇప్పుడు ఆ కాస్త మందంలో సర్దుకోవాలి. వాహనాలు పెరగక్కర్లేదు, కొత్త ఫ్యాక్టరీ రానక్కర్లేదు, లెక్క దానంతటదే అయిదు నుంచి పది రెట్లవుతుంది.

ఇది నల్లగొండలోనూ జరుగుతుంది, విశాఖలోనూ జరుగుతుంది. నిజానికి రాత్రి చలి మన దగ్గరే ఎక్కువ. తేడా ఏమిటంటే మనది తెరిపి నేల. అక్కడక్కడ లతీఫ్ సాబ్ గుట్ట వంటి రాతి గుట్టలున్నా ఊరిని చుట్టేసే కొండల గోడ లేదు. చల్లటి గాలి పల్లానికి జారుకుంటుంది. ఊరు కూడా చిన్నది. విశాఖలో లక్షల బండ్లు, ఓడలు, లారీలు, ఫ్యాక్టరీలు, చుట్టూ కొండలు.

దీనికి తోడు బయటి నుంచి వచ్చే సరుకు. ఇది చాలామందికి తెలియదు. నవంబర్ నుంచి జనవరి దాకా తూర్పు తీరానికి ఈశాన్యపు గాలి వీస్తుంది. ఢిల్లీ నుంచి బెంగాల్ దాకా గంగా మైదానంలో పోగైన పొగ ఆ రోజుల్లో బంగాళాఖాతం తల వైపు దిగి, అక్కడి నుంచి గాలితో పాటు తీరం వెంబడి కిందికి వస్తుంది. 2008-09 చలికాలంలో ఇస్రో శాస్త్రవేత్తలు ఓడ మీద బంగాళాఖాతమంతా తిరిగి ఈ పొగను కొలిచారు. ఊళ్ళకు దూరంగా, నీళ్ళ నడుమ కూడా గాలి శుభ్రంగా లేదని తేలింది. అంటే డిసెంబర్‌లో "సముద్రం గాలి" అన్నా అది కడిగిన గాలి కాకపోవచ్చు. వాయుగుండాలు పోయాక వాన పెద్దగా పడదు కాబట్టి సన్నటి ధూళి గాలిలో రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది. మన నల్లగొండకు కూడా కొంత చేరుతుంది గానీ ముందు తగిలేది ఉత్తర కోస్తాకే.

తేమ గురించి చెప్పకపోతే విశాఖ సంగతి సగమే చెప్పినట్టు. గాలి శాంపిలర్‌లో పెట్టే కాగితం ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు ఉండే తెల్లటి గ్లాస్ ఫైబర్ షీటు. నిమిషానికి సుమారు ఒక ఘనపు మీటరు గాలిని మెషిన్ దాని గుండా లాగుతుంది. ఎనిమిది గంటలకోసారి కాగితం మార్చాలి. డిసెంబర్ రాత్రి షిఫ్టు కాగితం విప్పితే అంచున రబ్బరు గాస్కెట్ నొక్కిన మేర తెల్లటి పట్టీ, లోపలంతా చిక్కటి నలుపు. గోటితో తాకితే జిడ్డుగా అంటుకునేది. మే నెల మధ్యాహ్నం కాగితం మన ఎర్రమట్టి బాట రంగులో ఉండేది. ఆగస్టులో వానలు పడ్డ రోజు కాగితం దాదాపు పెట్టినప్పటి రంగులోనే వచ్చేది, కానీ చేతికి తడిగా తగిలేది. ఉప్పు. సముద్రం తుంపర ఆరి మిగిలిన ఉప్పు రేణువులు గాలిలో తేమ డెబ్బై అయిదు శాతం దాటితే నీళ్ళు పీల్చుకుని కరుగుతాయి. ఆ కాగితాన్ని డెసికేటర్‌లో, అంటే తేమను లాగేసే మూత డబ్బాలో, ఒక రోజంతా ఆరబెట్టి కానీ తూచకూడదు, లేకపోతే ధూళితో పాటు నీళ్ళనూ తూచినట్టే.

ఊపిరితిత్తుల్లోకి పోయే గాలిని ఎవరూ డెసికేటర్‌లో ఆరబెట్టరు కదా. ఫ్యాక్టరీలు, ఓడలు వదిలే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫేట్‌గా మారుతుంది. సల్ఫేట్ రేణువులు కూడా తేమను పీల్చి ఉబ్బుతాయి. అందుకే విశాఖలో డిసెంబర్ పొద్దున కనిపించే తెల్లటి మసక ఉత్త మంచు కాదు, పొగా తేమా కలిసిన మసక. ఓడల ఇంధనంలో సల్ఫర్ మూడున్నర శాతం దాకా ఉండొచ్చన్న పాత హద్దును 2020 జనవరి 1 నుంచి ప్రపంచమంతటా అర శాతానికి దించారు. పోర్టు ఊళ్ళకు అది మేలే. కానీ లారీలు, కన్వేయర్ల మీది పొడి అలాగే ఉన్నాయి.

మిగతా కాలాలను గబగబా చెప్పేస్తాను. వానకాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, నైరుతి గాలి బలంగా ఉంటుంది, వాన పడుతుంది. వాన లావుపాటి దుమ్మును బాగా దించుతుంది, సన్నటి ధూళిని అంత బాగా దించలేదు. అయినా గాలి జోరు వల్ల అదీ పోతుంది. వారం పది రోజులు వాన తెరిపిస్తే అంకెలు కొంచెం లేస్తాయి, అంతే. మీరు పోయిన జూన్ అది. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండం పట్టినప్పుడు గాలి కడిగినట్టుంటుంది. అది తీరం దాటి పోయాక ఆకాశం తేటపడి, పొడి గాలి తిరిగి, చలి మొదలవుతుంది. నా లెక్కలో విశాఖ చలికాలం క్యాలెండర్ చూసి రాదు, చివరి వాయుగుండం పోయిన మర్నాటి నుంచి వస్తుంది. దీపావళి ఆ తర్వాత పడితే అంకెలు ఒకలా ఉంటాయి, వానల్లో పడితే మరోలా.

ఎండాకాలం చాలామంది అనుకున్నంత చెడ్డది కాదు, అలాగని నిర్దోషి కూడా కాదు. గాలి నైరుతి నుంచి వీస్తుంది. విశాఖ తీరం కూడా నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంటుంది కాబట్టి స్టీల్‌ప్లాంటు, గాజువాక, రిఫైనరీ, పోర్టు మీదుగా వచ్చిన గాలి తిన్నగా ఊరి మీదికే వస్తుంది. జోరు ఉంటుంది కాబట్టి పొగ పలచబడుతుంది. ఎండ మండితే మధ్యాహ్నాలు నేల దగ్గరి గాలిలో ఓజోన్ అనే ఘాటు వాయువు పెరుగుతుంది, అది ఆస్తమా ఉన్న పిల్లలకు పడదు. మధ్యాహ్నం ఆటలు వద్దనడానికి వడదెబ్బ ఒక్కటే కారణం కాదు.

ఇప్పుడు మీ ఫోన్‌లో చూసిన అంకెల సంగతి. ఏక్యూఐ అంకె ఏ ధూళి వల్ల వచ్చిందో చూడకుండా రెండు ఊళ్ళను పోల్చకండి. మన దేశంలో ఆ అంకెను అన్ని కాలుష్యాల్లో ఏది ఎక్కువ చెడ్డగా ఉంటే దాన్ని బట్టి ఇస్తారు. ఏక్యూఐ 200 అంటే సన్నటి ధూళి, అంటే పీఎం 2.5, ఘనపు మీటరుకు 90 మైక్రోగ్రాములైనా కావచ్చు, లేదా లావు దుమ్ముతో కలిపిన లెక్క, అంటే పీఎం 10, అదే కొలతలో 250 అయినా కావచ్చు. నల్లగొండలో ఎండాకాలం గాలిదుమారం లేచిన రోజు అంకె పెరిగితే అందులో ఎక్కువ భాగం మట్టి. ముక్కు, గొంతు దగ్గర చాలావరకు ఆగిపోతుంది. విశాఖ డిసెంబర్ అంకెలో ఎక్కువ భాగం పొగ, అది ఊపిరితిత్తుల లోతుదాకా పోతుంది. అంకె ఒకటే అయినా పిల్ల ఛాతీకి ఒకటి కాదు.

ఇంకోటి. కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్ళ సమీర్ యాప్‌లో చూపించే అంకె గడిచిన 24 గంటల సగటు మీద లెక్కకట్టింది. మధ్యాహ్నం రెండింటికి మీరు చూసిన 210లో తెల్లవారుజామున ఉన్న చెడ్డ గాలి కలిసి ఉంటుంది. ఆ క్షణాన బయట గాలి బాగానే ఉండొచ్చు. దీనికి తిరగబడ్డ సంగతి కూడా జరుగుతుంది, అదే ప్రమాదం. రాత్రి పదకొండుకు అంకె మామూలుగా ఉందని కిటికీలు తెరిచి పడుకుంటే, గాలి మారిన సంగతి అంకెలో మర్నాటికి కానీ కనపడదు. గంట గంటకూ వచ్చే పీఎం 2.5 విలువ ఎక్కడ దొరికితే అది చూడండి. 60 లోపు ఉంటే మన దేశపు రోజువారీ ప్రమాణం లోపల ఉన్నట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన రోజువారీ హద్దు 15. ఆస్తమా పిల్ల ఉన్న ఇంట్లో నేనైతే 60 దాకా ఆగను, 40 దాటగానే కిటికీ మూసేస్తాను.

ఇదంతా చదివి నల్లగొండ గాలి బంగారం అనుకుంటారేమో. 2019లో కేంద్రం మొదలుపెట్టిన నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రాం జాబితాలో విశాఖ ఉంది, హైదరాబాద్ ఉంది, మన నల్లగొండ కూడా ఉంది. గాలి ప్రమాణాలను అందుకోని ఊళ్ళ జాబితా అది. మన దగ్గర రోడ్డు దుమ్ము, కంకర మిషన్లు, హుజూర్‌నగర్, మేళ్ళచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. మీ మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక బూడిద సంగతి నేను మీకు చెప్పేదేముంది, దాబా మీద ఆరేసిన బట్టలే చెప్తాయి. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు కట్టారు. పాలమూరు దిక్కు పోతే పరిశ్రమ తక్కువ, ఎర్రనేల దుమ్ము ఎక్కువ. వానలు లేటైన జూన్‌లో పడమటి గాలికి లేచే దుమ్ము చూస్తే తెలుస్తుంది. కాబట్టి మన ఊరు మంచిది, ఆ ఊరు చెడ్డది అని తేల్చడం కుదరదు. ఏ నెలలో, ఏ వేళలో ఎక్కడ ఉండాలన్నదే లెక్క.

ఇల్లు. ఆఫీసు మధురవాడ వైపు కావడం మీ అదృష్టం. మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ, ఋషికొండ ఇవన్నీ గిన్నెకు బయట, కైలాసగిరి కొండలకు అవతలి వైపున ఉన్నాయి. పోర్టు పొగ నేరుగా రాదు. గాజువాక, మల్కాపురం, శ్రీహరిపురం, కాన్వెంట్ జంక్షన్, పాత టౌను వైపు అద్దె తక్కువని వెళ్ళకండి. ఆస్తమా పిల్ల లేకపోతే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు, లక్షల మంది అక్కడే బతుకుతున్నారు. మధురవాడలో చూసుకోవాల్సినవి రెండు: హైవేకి కనీసం మూడు నాలుగు వందల మీటర్లు లోపలికి ఉండాలి, పక్కన అపార్ట్‌మెంట్ కడుతూ ఉండకూడదు. రెండోది దొరకడం కష్టం, ఎటు చూసినా కడుతూనే ఉన్నారు.

బీచ్‌కు ఎదురుగా ఫ్లాట్ దొరికితే ఎగిరి గంతేయకండి. సముద్రానికి ఆనుకున్న ఇళ్ళలో గోడలకు తేమ పట్టి బూజు లేస్తుంది, పరుపుల్లో కంటికి కనపడని దుమ్ము పురుగులు తేమకే పెరుగుతాయి. ఆస్తమా పిల్లలకు ఈ రెండూ పొగ కంటే తక్కువ శత్రువులేం కావు. మీ మనవరాలి దగ్గు పూర్తిగా బయటి గాలి వల్లేనని నేను చెప్పలేను. చలికాలం జలుబు వైరస్‌లు కూడా పిల్లికూతలు తెస్తాయి. అలమారా వెనక గోడ ఒకసారి చూడమనండి. నల్లటి మచ్చలుంటే ముందు దాని సంగతి చూడాలి. అన్నట్టు, కిటికీలు మూసి లోపల దోమల కాయిల్ వెలిగిస్తే బయటి పొగే నయం. దోమతెర కట్టమనండి.

విశాఖలో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇంటి కిటికీలు రాత్రి తొమ్మిదికి మూసి, పొద్దున సముద్రం గాలి తిరిగాక, అంటే పది, పదకొండుకు తెరవాలి. సాయంత్రం అయిదు దాకా అన్నీ బార్లా తెరిచి ఉంచాలి, తేమకు కూడా అదే మందు. మనవాళ్ళకు దీనికి సరిగ్గా తిరగబడ్డ అలవాటు. పొద్దున చల్లగా ఉందని తెరుస్తారు, మధ్యాహ్నం ఎండని మూస్తారు. బీచ్ రోడ్డు మీద పొద్దున బండ్లు ఆపేస్తారు కాబట్టి అయిదింటికి వాకింగ్ మంచిదని మీకెవరైనా చెప్తే, పెద్దవాళ్ళకు పర్వాలేదు, పిల్లను డిసెంబర్‌లో తీసుకుపోవద్దు. సాయంత్రం నాలుగింటికి తీసుకుపోండి, అదే బీచ్, అదే ఇసుక, గాలి మాత్రం వేరు.

డాక్టర్‌ను అడగాల్సింది ఒకటుంది. కొందరు పిల్లలకు రోజూ వాడే ప్రివెంటర్ ఇన్‌హేలర్ చలికాలానికి ముందే మొదలుపెడతారు, లేదా మోతాదు మారుస్తారు. అక్టోబర్‌లో ఒకసారి చూపించి ఆ సంగతి మాట్లాడమనండి. నాకు గాలి తెలుసు కానీ మందులు తెలియవు, మోతాదు నన్ను అడగకండి.

ఇక సంక్రాంతి. తెచ్చుకోండి. అందులో రెండో మాట లేదు, ఎందుకంటే విశాఖలో ఏడాది మొత్తంలో నాకు అన్నిటికంటే భయమేసే పొద్దు భోగిదే. గాలి కదలని కాలం, గాలి కదలని వేళ, ఆ వేళకే వీధి వీధినా మంట. కట్టెలు, పిడకలైతే కొంత నయం, పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు కూడా వేస్తారు. చెన్నై కూడా తీరపు ఊరే, పైగా చదును నేల, కొండల చాటు లేదు. 2018 భోగి పొద్దున అక్కడ పొగ కమ్మి విమానాలు దిగలేకపోయాయి. మన దిక్కు భోగి మంటలు ఆంధ్ర వైపు ఉన్నంత ఉండవు కాబట్టి ఆ రెండు మూడు రోజులు పిల్ల ఇక్కడ ఉండడమే మేలు.

అయితే మీరుండేది మిర్యాలగూడ ఆయకట్టులో. యాసంగి నాట్ల కోసం డిసెంబర్, జనవరిలలో వరి కొయ్యలకు నిప్పు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, పెట్టేది కూడా ఎక్కువగా సాయంత్రాలే. పొద్దుగూకే వేళ పెట్టిన నిప్పు పొగ రాత్రంతా అక్కడే ఉంటుంది. మీ పొలం పక్కవాళ్ళకు ముందే ఒక మాట చెప్పి చూడండి, మధ్యాహ్నం పెడితే కొంతలో కొంత నయం, కలియదున్నితే ఇంకా నయం. పిల్లను పడుకోబెట్టే గది పొలం వైపు, మిల్లు వైపు కాకుండా వీధి లోపలి వైపు చూడండి. గాలిపటాలు పదకొండు తర్వాత ఎగరేయనివ్వండి, అప్పటికి గాలి కూడా లేస్తుంది. వచ్చేటప్పుడు ఇన్‌హేలర్‌తో పాటు దానికి తగిలించే గొట్టం, స్పేసర్ కూడా బ్యాగులో పెట్టమని కోడలికి చెప్పండి, పండగపూట మెడికల్ షాపుల్లో అది దొరకడం కష్టం.